ఇంటి లోన్ వాయిదాలు ఆగిపోతే: వేలం దాకా పోకుండా ఇల్లు కాపాడుకునే మార్గాలు

తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో సన్నటి అక్షరాలతో బ్యాంకుల వేలం ప్రకటనలు వస్తుంటాయి. అప్పు తీసుకున్నవారి పేరు, జామీనుదారు పేరు, ఫ్లాట్ నంబరు, నాలుగు హద్దులు, రిజర్వు ధర (వేలంలో కనీస ధర). ఆ ప్రకటనలో పేరు పడేలోపు ఇంటి యజమాని చేతిలో చాలా దారులుంటాయి. పడ్డాక దాదాపు ఏమీ ఉండవు. అందుకే ఏం చేయాలన్నది ఎంత ముఖ్యమో, ఏ తేదీ లోపు చేయాలన్నది అంతకంటే ముఖ్యం. ఈ మార్గదర్శి ఆ తేదీల వరుసలోనే సాగుతుంది.

ముందుగా ఒక మాట. మన బ్యాంకుల్లో ‘ఫోర్‌క్లోజర్’ అంటే గడువుకు ముందే లోన్ మొత్తం కట్టేసి మూసేయడం. ఇల్లు స్వాధీనం చేసుకుని అమ్మడాన్ని ‘సర్ఫేసీ చర్య’ అంటారు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టులో దావా వేయనక్కర్లేకుండానే తాకట్టు ఇంటిని అమ్ముకోవచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి ‘ఫోర్‌క్లోజర్ ఆపండి’ అంటే అవతలివాళ్లకు అర్థం కాదు. ‘ఓవర్‌డ్యూ’ (గడువు దాటిన బకాయి), ‘ఎన్‌పీఏ’ (90 రోజులైనా బకాయి తీరని మొండి ఖాతా), ‘13(2) నోటీసు’ (సర్ఫేసీ చట్టం కింద లోన్ మొత్తం కట్టమనే నోటీసు) అనే మాటలు వాడండి.

తేదీలు ఎలా లెక్కేస్తారు

వాయిదా తప్పిన మొదటి రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఎన్‌పీఏకి ముందుండే హెచ్చరిక దశల్ని ఎస్‌ఎంఏ అంటారు: 30 రోజుల దాకా ఎస్‌ఎంఏ-0, 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2. ఆ తర్వాత ఎన్‌పీఏ. మీ వాయిదా ప్రతి నెలా 5న అనుకుందాం. జనవరి 5న తప్పింది, ఫిబ్రవరి, మార్చి కూడా కట్టలేదు. ఏప్రిల్ 5 రాత్రి బ్యాంకు కంప్యూటర్ రోజు లెక్క ముగించేసరికి మీ ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఇందులో మేనేజర్ దయాదాక్షిణ్యాలకు చోటు లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. మీరు కట్టిన డబ్బును అన్నిటికంటే పాత బకాయికి ముందు జమ చేస్తారు. ఏప్రిల్ 1న ఒక్క వాయిదా కట్టగలిగితే జనవరి బకాయి తీరి, లెక్క ఫిబ్రవరి 5 నుంచి మొదలవుతుంది. అంటే మీరు 86 రోజుల నుంచి 55 రోజులకు వెనక్కి జరిగారు. మూడూ కట్టలేకపోయినా ఒక్కటి కడితే నెల సమయం చేతికొస్తుంది. కానీ ఆ వాయిదాకు పది రూపాయలు తగ్గినా పాత తేదీ చెరగదు. ఛార్జీలతో కలిపి ఎంత కట్టాలో అడిగి, పూర్తిగా కట్టండి.

ఎన్‌పీఏ అయ్యాక ఈ కిటుకు పనిచేయదు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసినదాని ప్రకారం, ఒకసారి ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే వడ్డీ, అసలు బకాయిలు మొత్తం తీరాలి. అప్పుడు నెలకో వాయిదా చొప్పున కడుతూ ‘కడుతూనే ఉన్నాం కదా’ అనుకుంటే, బ్యాంకు తన పని తాను చేసుకుపోతుంది. మంచి ఉద్దేశంతో డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

డబ్బు లేకపోవడం కొన్ని నెలల సంగతా, ఇక ఎప్పటికీ అంతేనా

ఏ అప్లికేషన్ రాయకముందే ఒక తెల్లకాగితం మీద ఈ లెక్క వేయండి. ఇంట్లోకి వచ్చే నికర ఆదాయంలోంచి తిండి, ఫీజులు, మందులు, కరెంటు తీసేయండి. మిగిలింది ఇప్పటి వాయిదాకు సరిపోతుందా? ఆరు నెలల్లో సరిపోయే అవకాశం కాగితం మీద కనిపిస్తోందా, అంటే కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్, రావాల్సిన బిల్లు, రిటైర్‌మెంట్ డబ్బు లాంటివి? కనిపిస్తే మీది తాత్కాలిక ఇబ్బంది. గడువు పెంచుకునే దారులు మీకు. కనిపించకపోతే గడువు ఎంత పెంచినా వడ్డీ పెరగడమే. అప్పుడు ఇల్లు మీరే మంచి ధరకు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది జేబులో వేసుకోవడమే తెలివైన పని. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ బ్యాంకు వేలంలో అమ్మినప్పుడు వచ్చే ధర కంటే మీరు అమ్మితే వచ్చే ధర దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

ఇంకో రెండు విషయాలు ముందే చూసుకోండి. లోన్ తీసుకున్నప్పుడు దానికి బీమా అంటగట్టారేమో పాత శాంక్షన్ లెటర్ తీసి చదవండి. చాలా లోన్లలో ఒకేసారి కట్టే ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తారు, ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలియదు. అప్పు తీసుకున్న వ్యక్తి చనిపోయి వాయిదాలు ఆగితే, ఆ బీమా వల్ల బాకీ చాలావరకు తీరిపోవచ్చు. కొన్ని పాలసీల్లో తీవ్ర అనారోగ్యానికి, ఉద్యోగం పోయినందుకు కూడా పరిమితంగా చెల్లింపు ఉంటుంది.

రెండోది బయటి అప్పు. రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి ఇంటి వాయిదా కట్టేవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 9 శాతం అప్పును 24 శాతం అప్పుతో తీరుస్తున్నారన్నమాట. డబ్బు తప్పనిసరైతే వరుస ఇలా పెట్టుకోండి: ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్, తర్వాత ఎల్‌ఐసీ పాలసీ మీద లోన్, పీఎఫ్‌లోంచి ఇంటి అవసరానికి తీసుకోగలిగిన భాగం, ఆ తర్వాత బ్యాంకులో బంగారం తాకట్టు. ఊళ్లో ఖాళీ ప్లాటు ఉంటే ఉంటున్న ఇంటికంటే ముందు దాన్ని అమ్మండి. క్రెడిట్ కార్డు, యాప్ లోన్లు మాత్రం వద్దు.

90 రోజుల లోపు: వాయిదా తగ్గించుకునే దారులు

ఖాతా ఇంకా ఎన్‌పీఏ కానప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది. ఎన్‌పీఏ కావడం బ్యాంకుకూ ఇష్టం లేదు.

అన్నిటికంటే తేలికైనది వడ్డీ రేటు మార్పు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (మారుతూ ఉండే రేటు) ఇంటి లోన్లను రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలి. అంతకుముందు తీసుకున్న లోన్లు కొన్ని ఇప్పటికీ బ్యాంకు తానే లెక్కగట్టే పాత ఎంసీఎల్‌ఆర్, బేస్ రేటు మీదే నడుస్తున్నాయి. మీది అలాంటిదైతే రెపో లింక్డ్ రేటుకు మార్చమని అడగండి. కొద్దిపాటి ఫీజుతో అయిపోతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నియమం లేదు, కానీ కన్వర్షన్ ఫీజు తీసుకుని రేటు తగ్గించే పద్ధతి వాటిలోనూ ఉంటుంది. అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు.

తర్వాతది గడువు పొడిగింపు. ఇంకా 35 లక్షలు బాకీ ఉంది, రేటు 8.5 శాతం, మిగిలిన గడువు 12 ఏళ్లు అనుకుంటే వాయిదా సుమారు 38,850 రూపాయలు. గడువును 20 ఏళ్లకు పెంచితే అది 30,370కి దిగుతుంది. నెలకు ఎనిమిదిన్నర వేలు మిగులు. కానీ 12 ఏళ్లలో మొత్తం 56 లక్షలు కట్టాల్సిన మీరు 20 ఏళ్లలో 73 లక్షలు కడతారు. ఆ 17 లక్షలు ఊపిరి పీల్చుకున్నందుకు కట్టే ధర. కాబట్టి పరిస్థితి కుదుటపడగానే పార్ట్ పేమెంట్లు చేయడం మొదలుపెట్టండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్లను ముందుగా కట్టినందుకు పెనాల్టీ వేయకూడదు.

గడువు పెంచడానికి సాధారణంగా అడ్డొచ్చేది వయసు. లోన్ ముగిసేనాటికి మీకు ఎన్నేళ్లుంటాయో బ్యాంకు చూస్తుంది. ఉద్యోగం చేస్తున్న కొడుకునో కూతురినో కో-అప్లికెంట్‌గా చేరిస్తే ఆ గండం గడవొచ్చు. చేరేవాళ్లకు మాత్రం విడమరిచి చెప్పండి. సంతకం పెట్టిన రోజు నుంచి బాకీ వాళ్లది కూడా, సిబిల్‌లోనూ (అప్పుల చరిత్ర రికార్డు) కనిపిస్తుంది.

కొన్ని నెలలు వాయిదా ఆపడం, బకాయిని అసలులో కలపడం, మొదట తక్కువ, తర్వాత ఎక్కువ వాయిదా పెట్టడం, ఇవన్నీ ‘రీస్ట్రక్చరింగ్’ కిందికొస్తాయి. ఇబ్బందిలో ఉన్న ఖాతాను రీస్ట్రక్చర్ చేస్తే మామూలుగా దాన్ని ఎన్‌పీఏగానే చూపించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. మీ సిబిల్‌లోనూ ఆ ముద్ర పడుతుంది. అందుకే బ్రాంచి మేనేజర్ మొహం చిట్లిస్తాడు. పైగా ఇది ఆయన చేతిలో ఉండదు, రీజనల్ ఆఫీసుకు వెళ్లాలి. ఇల్లు నిలబడడం, సిబిల్ స్కోరు నిలబడడం రెండింటిలో ఒకటే కుదిరితే ఇంటినే ఎంచుకోండి. స్కోరు కొన్నేళ్లలో కోలుకుంటుంది.

వేరే బ్యాంకుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకునే ఆలోచన ఉంటే, ఒక్క వాయిదా కూడా తప్పకముందే చేయాలి. గత ఏడాది కట్టిన తీరు చూసే కొత్త బ్యాంకు లోన్ ఇస్తుంది. ఉద్యోగం పోతుందన్న వాసన రాగానే కదలాల్సిన పని ఇది.

అర్జీ ఎలా రాయాలి

నోటి మాటకు బ్యాంకులో లెక్క లేదు. మేనేజర్ ‘చూద్దాంలెండి’ అన్నాడని మూడు నెలలు గడిపేస్తే, ఆ మేనేజర్ బదిలీ అయిపోయి ఉంటాడు. అర్జీ రెండు కాపీలు తీసి, రెండో దాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈమెయిల్ కూడా చేయండి. అర్జీలో ఉండాల్సిన విషయం ఇంతే:

‘నా ఇంటి లోన్ ఖాతాలో జనవరి నుంచి మార్చి వరకు మూడు వాయిదాలు బకాయి ఉన్నాయి. డిసెంబరులో ఉద్యోగం పోవడం వల్ల కట్టలేకపోయాను. రిలీవింగ్ లెటర్ జతచేశాను. ప్రస్తుతం నెలకు 22,000 కట్టగలను. జులై నుంచి పూర్తి వాయిదా కట్టగలను. బకాయిని అసలులో కలిపి, గడువు ఎనిమిదేళ్లు పొడిగించాలని కోరుతున్నాను. నా అర్జీ మీద నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

‘దయచేసి సహకరించండి’ అని ఊరుకుంటే ఫైలు కదలదు. ఎంత కట్టగలరో, ఎప్పటి నుంచో అంకెల్లో రాయండి. జత చేయాల్సినవి: ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, చివరి జీతం స్లిప్పు లేదా ఐటీ రిటర్ను, ఆస్పత్రి బిల్లులుంటే అవి. రాసిన మొత్తాన్ని ఆ నెల నుంచే కట్టడం మొదలుపెట్టండి. చెప్పింది చేస్తున్నారని ఫైలులో కనిపించాలి.

ఖాతాలో డబ్బు లేని రోజున ఆటో డెబిట్ కొట్టుకుంటే లోన్ ఇచ్చిన సంస్థ ఒక బౌన్స్ ఛార్జీ, మీ ఖాతా ఉన్న బ్యాంకు మరో ఛార్జీ వేస్తాయి. ఆలస్యానికి వేసేది 2024 నుంచి ‘పీనల్ ఛార్జీ’గానే ఉండాలి, వడ్డీ రేటుకు అదనపు వడ్డీగా కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంటు తీసి సరిచూడండి. తప్పు కనిపిస్తే అది మీ బేరానికి బలం.

13(2) నోటీసు వచ్చాక 60 రోజులు

ఎన్‌పీఏ అయ్యాక సెక్షన్ 13(2) కింద డిమాండు నోటీసు వస్తుంది. అందులో ఉండేది మూడు వాయిదాల బకాయి కాదు, లోన్ మొత్తం. 60 రోజుల్లో కట్టమంటారు. అంత మొత్తం చూసి గుండె జారిపోనక్కర్లేదు. ఇంటి లోన్లలో బకాయిలన్నీ ఖర్చులతో సహా కట్టేస్తే, ఈ దశలో చాలా బ్యాంకులు ఖాతాను మళ్లీ మామూలుగా నడవనిస్తాయి. కానీ కట్టేముందు ‘ఇంత కడితే ఖాతా రెగ్యులర్ అవుతుంది, నోటీసు ఉపసంహరించుకుంటాం’ అని ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి.

రిజిస్టర్డ్ పోస్టును వెనక్కి పంపితే నోటీసు అందనట్టే అనుకునేవాళ్లున్నారు. అందకపోతే తలుపుకు అతికించి, రెండు పేపర్లలో వేసి ముందుకు వెళ్తారు. పోయేది మీ 60 రోజులే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాటుకు లోన్ కడుతున్నవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. నోటీసు తాళం వేసిన ఫ్లాటుకు వెళ్తుంది, వాచ్‌మన్ సంతకం పెడతాడు, మీకు తెలిసేసరికి పేపర్లో ప్రకటన పడి ఉంటుంది. బ్యాంకులో ఈమెయిల్, ఫోన్, ప్రస్తుత చిరునామా మార్పించండి. ఇక్కడ నమ్మకమైన ఒకరికి ఈ లోన్ వరకే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి.

ఈ 60 రోజుల్లో తప్పనిసరిగా చేయాల్సిన పని అభ్యంతరం పంపడం. సెక్షన్ 13(3ఏ) కింద మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. జవాబివ్వకుండా ముందుకు వెళ్తే, రేపు ట్రిబ్యునల్‌లో మీకు అదో ఆయుధం. అభ్యంతరంలో ఏం రాయాలి? ఎన్‌పీఏ తేదీ తప్పు అయితే అది. జమ కాని చెల్లింపులుంటే రసీదులతో సహా. ఛార్జీల లెక్క. పెండింగ్‌లో ఉన్న మీ పాత అర్జీ తేదీ. తాకట్టు పెట్టింది వ్యవసాయ భూమి అయితే ఆ మాట గట్టిగా రాయండి, వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. పాస్‌బుక్‌లో పేరుంటే చాలదు, నిజంగా సాగులో ఉందా అని చూస్తారు. అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో మిగిలిన బాకీ 20 శాతం లోపే ఉన్నా ఈ చట్టం కింద చర్య తీసుకోలేరు. పదిహేనేళ్లు కట్టి చివర్లో తప్పినవాళ్లు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

చేయకూడని పని ఒకటుంది. నోటీసు అందాక ఇంటిని బావమరిది పేరిట రాయడం, పాత తేదీతో అద్దె ఒప్పందం సృష్టించడం. 13(2) నోటీసు తర్వాత బ్యాంకు అనుమతి లేకుండా అమ్మకం, లీజు చెల్లవు. చట్టాన్ని ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు కూడా ఉంది.

మీరే అమ్ముకోవడం

తాకట్టులో ఉన్న ఇల్లు అమ్మలేమన్నది అపోహ. బ్యాంకును కలుపుకుని అమ్మాలి, అంతే. వరుస ఇది.

మొదట బ్యాంకు నుంచి రెండు కాగితాలు తీసుకోండి: ఫలానా తేదీకి ఎంత కడితే లోన్ మూసుకుంటుందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల జాబితా. కొనేవారి లాయరు మొదట అడిగేది ఈ జాబితానే. ఫోర్‌క్లోజర్ లెటర్ కొద్దిరోజులకే పనిచేస్తుంది, రోజుకెంత వడ్డీ పెరుగుతుందో కూడా అందులో రాయించుకోండి.

తర్వాత 13(2) నోటీసు వచ్చి ఉంటే అమ్మకానికి రాతపూర్వక అనుమతి. ఒప్పందంలో కొనేవారి డబ్బులో బాకీ మేరకు నేరుగా మీ లోన్ ఖాతాకే వెళ్లాలని రాయండి. కొనేవారు లోన్ తీసుకుంటే వారి బ్యాంకు మీ బ్యాంకు పేరిట డీడీ ఇస్తుంది. సొంత డబ్బయితే అడ్వాన్సుతోనే లోన్ తీరేలా చూడండి. బాకీ తీరాక, టైటిల్ డీడ్ల డిపాజిట్‌ను (డాక్యుమెంట్లు ఇచ్చి పెట్టిన తాకట్టు) సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేసి ఉంటే, దాని రద్దు పత్రం కూడా అక్కడే రిజిస్టర్ కావాలి. అది కాకపోతే ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తాకట్టు అలాగే కనిపించి అమ్మకం ఆగిపోతుంది. బేరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

పన్ను మరచిపోవద్దు. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోస్తారు. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే కోత చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోకపోతే, లోన్ తీర్చాల్సిన డబ్బు పన్నులో ఇరుక్కుంటుంది. మీరు ఇంటిని స్వాధీనం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు అమ్మితే, అసలు చెల్లింపు మీద గతంలో పొందిన 80సీ మినహాయింపు తిరిగి ఆదాయంలో కలుస్తుంది.

ఒక హెచ్చరిక. పేపర్లో పేరు పడగానే ‘మీ ఇల్లు మేం కాపాడతాం’ అంటూ మనుషులొస్తారు. బకాయి తాము కట్టి, బదులుగా సేల్ డీడ్ లేదా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటారు, ‘డబ్బు తిరిగిచ్చాక మళ్లీ మీ పేరిట రాస్తాం’ అంటారు. రిజిస్టర్ అయిన సేల్ డీడ్ అంటే అమ్మేసినట్టే. నోటిమాట కోర్టులో నిలవదు.

ఓటీఎస్

ఓటీఎస్ అంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్, ఒకేసారి కొంత తగ్గించి కట్టి అప్పు మూసుకోవడం. ఇది హక్కు కాదు, ఓటీఎస్ ఇవ్వమని బ్యాంకును కోర్టు బలవంతం చేయలేదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి విలువ బాకీ కంటే బాగా ఎక్కువుంటే బ్యాంకు అసలులో తగ్గించదు, పీనల్ ఛార్జీల్లో, వడ్డీలో కొంత తగ్గిస్తే గొప్ప. పాత ఎన్‌పీఏ, డాక్యుమెంట్లలో చిక్కు, అమ్ముడుపోని ప్రాంతం, ఇలాంటివాటిలోనే పెద్ద తగ్గింపు దొరుకుతుంది.

డబ్బు సిద్ధంగా లేకుండా ఓటీఎస్ అడగొద్దు. శాంక్షన్ లెటర్‌లో రాసిన గడువు ఒక్కరోజు దాటినా ఒప్పందం రద్దవుతుంది, కట్టింది పాత బాకీకి జమవుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే మంచిదే, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. సిబిల్‌లో మాత్రం ‘సెటిల్డ్’ అని పడుతుంది. ‘క్లోజ్డ్’ కాదు. కొత్త లోన్ ఇచ్చేవాళ్లు ఆ తేడా చూస్తారు.

పొజెషన్ నోటీసు, డీఆర్‌టీ

60 రోజులు దాటాక బ్యాంకు అధికారి వచ్చి గోడకు పొజెషన్ (స్వాధీనం) నోటీసు అతికిస్తాడు. ఏడు రోజుల్లో అది రెండు పత్రికల్లో రావాలి, అందులో ఒకటి స్థానిక భాషలో. దీన్ని ‘సింబాలిక్ పొజెషన్’ అంటారు, మీరింకా ఇంట్లోనే ఉంటారు. ఖాళీ చేయించడానికి సెక్షన్ 14 కింద జిల్లా కలెక్టర్ లేదా మేజిస్ట్రేట్ దగ్గర ఉత్తర్వు తెచ్చుకుని, అడ్వకేట్ కమిషనర్, పోలీసులతో వస్తారు. ఆ ఉత్తర్వుకు ముందు మీ వాదన వినే పద్ధతి లేదు. తాళం పగలగొట్టి లోపలికి వెళ్తే మీ మీదే క్రిమినల్ కేసు.

మీ వాదన చెప్పుకోవాల్సిన చోటు డెట్ రికవరీ ట్రిబ్యునల్ (డీఆర్‌టీ). సివిల్ కోర్టుకు వెళ్లే వీలు లేదు, హైకోర్టుకు రిట్ వేసినా సాధారణంగా ట్రిబ్యునల్‌కే వెళ్లమంటారు. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో డీఆర్‌టీలున్నాయి, మీ జిల్లా దేని పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. పొజెషన్ చర్య జరిగిన రోజు నుంచి 45 రోజుల్లో సెక్షన్ 17 అప్లికేషన్ వేయాలి. ఫీజు బాకీని బట్టి: పది లక్షల లోపు ప్రతి లక్షకు 500 రూపాయలు, పది లక్షలకు 5,000, ఆ పైన ప్రతి లక్షకు 250. అంటే 35 లక్షల బాకీకి 11,250. లాయరు ఫీజు వేరే.

‘నా దగ్గర డబ్బు లేదు’ అన్నది డీఆర్‌టీలో వాదన కాదు. బ్యాంకు విధానంలో తప్పు చూపాలి: నోటీసు సరిగా అందలేదు, అభ్యంతరానికి జవాబు లేదు, తెలుగు పత్రికలో వేయలేదు, వేలానికి తగిన గడువివ్వలేదు, విలువ కట్టించడంలో లోపం. స్టే ఇచ్చినా కొంత పెద్ద మొత్తాన్ని కొన్ని వారాల్లో కట్టమనే షరతు ఉంటుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకున్నాకే కేసు వేయండి. షరతు నెరవేరకపోతే స్టే పోతుంది, లాయరు ఫీజూ పోతుంది. డీఆర్‌టీలో ఓడితే 30 రోజుల్లో అప్పీలు వేయొచ్చు, కానీ బాకీలో సగం డిపాజిట్ చేయాలి. తగ్గించినా 25 శాతం కంటే దిగరు.

వేలం ప్రకటన: అసలైన ఆఖరి తేదీ

వేలం జరిగే రోజు దాకా కట్టి విడిపించుకోవచ్చన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. ఒకప్పుడు నిజమే. 2016 సవరణతో సెక్షన్ 13(8) మారింది. వేలం ప్రకటన ప్రచురించే తేదీకి ముందే బాకీ, ఖర్చులు మొత్తం కట్టాలి. 2023 సెప్టెంబరులో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. ప్రకటన పడ్డాక బ్యాంకు తనంతట తాను ఒప్పుకుంటే తప్ప మీకు హక్కుగా విడిపించుకునే వీలు లేదు.

అమ్మకానికి 30 రోజుల ముందు మీకు నోటీసు రావాలి. మొదటి వేలంలో ఎవరూ రాకపోతే తర్వాతి దానికి 15 రోజుల నోటీసు చాలు. రిజర్వు ధర తక్కువ పెట్టారనిపిస్తే, అదే అపార్ట్‌మెంటులో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ల కాపీలు, మీ తరఫు వాల్యుయర్ రిపోర్టు జోడించి వెంటనే అభ్యంతరం పంపండి. రిజర్వు ధర కంటే తక్కువకు అమ్మాలంటే మీ సమ్మతి కూడా కావాలి, ఆ కాగితం మీద ఊరికే సంతకం పెట్టకండి. మీరే ఎక్కువ ధరకు కొనేవారిని తీసుకొస్తే, ప్రైవేటు ఒప్పందంగా అమ్మడానికి నియమాల్లో చోటుంది.

రికవరీ ఏజెంట్లు, ఫిర్యాదులు

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు, ఆఫీసుకు చేసి పరువు తీయకూడదు. కాల్ రికార్డులు దాచి, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఖర్చు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు. ఫిర్యాదు వేలాన్ని ఆపదు, అది గుర్తుంచుకోండి.

చిట్టీ కంపెనీకో ప్రైవేటు వడ్డీ వ్యాపారికో ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే పైన చెప్పిన లెక్కలేవీ వర్తించవు. వడ్డీ వ్యాపారి సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి, రిజిస్టరైన చిట్టీ కంపెనీ అయితే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. తాళం వేస్తామని బెదిరిస్తే అది పోలీసు స్టేషన్ సంగతి.

లెక్క ముగిశాక

వేలం జరిగిపోతే బాకీ, ఖర్చులు పోను మిగిలిన డబ్బు మీదే. బ్యాంకు దానంతట అదే పంపుతుందని కూర్చోకుండా, ఖర్చుల వివరంతో లెక్క ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. తక్కువ పడితే ఆ మిగతా బాకీకి బ్యాంకు మీ మీద, జామీనుదారు మీద మళ్లీ రావచ్చు.

ఇల్లు నిలబడి లోన్ తీరిపోతే, 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. డాక్యుమెంట్లు చేతికొచ్చినప్పుడు జాబితాతో ఒక్కొక్క కాగితం సరిచూసుకోండి, ముఖ్యంగా లింకు డాక్యుమెంట్లు. నెల తర్వాత ఈసీ తీసి, తాకట్టు రద్దు అందులో ఎక్కిందో లేదో చూడండి.